తోక దగ్గర తొమ్మిది చుక్కలు

మామయ్యను సాగనంపిన మర్నాడు పొద్దున తలుపు తీసి చూస్తే మంచం వేసిన చోటే ఉంది.

రాత్రి అలవాటు కొద్దీ మా ఆయన దాన్ని వాకిట్లో వేపచెట్టు పక్కన వాల్చాడు. వాల్చాక గుర్తొచ్చింది. మళ్ళీ ఎత్తి లోపల పెట్టడానికి చేతులు రాక అలాగే వదిలేసి వచ్చాడు.

కోడలిగా ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆ నవారు మంచం వేసిన చోట తెల్లారడం నేను చూడలేదు. ఒక పొద్దు గడ్డివాము దగ్గర, ఒక పొద్దు బావి గట్టును ఆనుకుని, చలికాలం చివర్లో అయితే గేటు దాటి సగం బజార్లో ఉండేది. మామయ్య పడుకునేది నిద్ర కోసం కాదు, చుక్కల కోసం. చూడాలనుకున్న చుక్క వేపకొమ్మ చాటుకు పోతే మంచం జరిపేవాడు. ఇంటి కప్పు చాటుకు పోతే ఇంకాస్త జరిపేవాడు. పొద్దున్నే అత్తయ్య వాకిలి ఊడుస్తూ, మంచం కోళ్ళు మట్టిలో గీసిన గీతలు చూసి అడిగేది.

"రాత్రి ఎందాక పోయిండే మీ మామ?"

"గడ్డివాము దాకా అత్తయ్యా."

"టికెట్టు తీసుకున్నడా, ఊరికెనే పోయిండా?"

ఆ పొద్దున మట్టిలో గీతలు లేవు. అత్తయ్య చీపురు పట్టుకుని నిలబడింది కాని ఊడవలేదు.

ముందు రోజు ఇంకా శవం లేవకముందే గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం నా చెవిన పడింది. "మూలల పుట్టిన పిల్లను తెచ్చుకోవద్దంటే విన్నరా? ఆఖరుకు మామను మింగనే మింగె." మూలా నక్షత్రంలో పుట్టిన ఆడపిల్ల అత్తింట అడుగుపెడితే మామకు గండమని మా వైపు భయం. ఆ పిల్లను నేనే. మామయ్యకు డెబ్బై దాటి చాలాకాలమైంది. అయినా తాను ఎప్పుడు పోయినా ఆ మాట వస్తుందని ఆయనకు తెలుసు. రాకుండా చూడాలని ఆయన పడిన తంటాలు ఆ ఇద్దరికీ తెలియవు.

ఆయన సర్వేయర్‌గా చేశాడు. నిజాం రోజుల్లో ఉర్దూలో చదువుకున్నాడు. టేకులపల్లి చుట్టూ, అడవి అంచు ఊళ్ళన్నిటా చైన్‌మన్ల చేత జరీబు గొలుసు పట్టించి పొలాలు కొలిచాడు. కూర్చోవడం రాని మనిషి. కంచం చేతిలో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ అన్నం తినేవాడు.

"కూసొని తినరాదా? కాళ్ళకు చక్రాలున్నయా?" అని అత్తయ్య అరిచేది.

"కూసుంటే మెతుకు గొంతు దిగదే."

"నీ ఎంబడి కూరగిన్నె పట్టుకొని తిరగడానికే కన్నడు మా అయ్య నన్ను."

ఆయన నోట ఎప్పుడూ ఒక ప్రశ్న ఉండేది. "మొదటి రాయి ఎక్కడ?" పొలం కొలవడానికి పోతే ముందు వెతికేది పాత హద్దురాయినే. అది దొరక్కుండా గొలుసు పరిస్తే ఎంత బాగా కొలిచినా లెక్క పక్కవాడి పొలంలోకి పోతుందనేవాడు. ఆ ప్రశ్నను పొలం దగ్గరే ఆపలేదు. అన్నదమ్ములు తగాదా తెచ్చినా, నేనూ మా ఆయనా మాటామాటా అనుకున్నా, తర్వాత మా పాప ఏడుస్తూ వచ్చినా అదే అడిగేవాడు. "ఏడుపు సరే. మొదటి రాయి ఎక్కడ?"

ఆయన్ను నేను మొదట చూసింది డెబ్బైల చివర, ఎర్రుపాలెం దగ్గర మా ఇంట్లో, పెళ్ళిచూపుల నాడు. మిగతావాళ్ళు కుర్చీల్లో కూర్చుంటే ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని వసారాలో ఈ స్తంభం దగ్గర్నుంచి ఆ స్తంభం దాకా నడుస్తున్నాడు. జాతకాల మాట వచ్చింది. మా నాన్న ముందే అనుకున్న మాట చెప్పాడు.

"పుట్టిన వేళ సరిగ్గా రాసిపెట్టుకోలేదండీ. పేరు బలం చూసుకుంటే సరిపోతుందన్నారు పంతులుగారు."

మా వైపు అది మామూలే. పుట్టిన నక్షత్రంతో చిక్కుంటే దాన్ని మర్చిపోయి, పేరులో మొదటి అక్షరాన్ని బట్టి వచ్చే నక్షత్రంతో పెళ్ళి కానిస్తారు. అవతలివాళ్ళూ గుచ్చి అడగరు. ఆయన నడక ఆపి నావైపు తిరిగాడు.

"నీకు ఎరికేనా బిడ్డా, నీది ఏ నక్షత్రమో?"

"మూల" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. బహుశా ఆయన నన్ను అడిగినందుకే. అప్పటిదాకా అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నాన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అత్తయ్య తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టింది. మామయ్య ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి పోయి వచ్చాడు.

"ఇరవై ఏడిట్ల ఎక్కడో ఒక కాడ పుట్టాలె గదా. ఖాళీ ఉన్న కాడ పుట్టింది" అన్నాడు.

"ఖాళీ సంగతి కాదు" అంది అత్తయ్య. "ఆ ఇంట్ల మామవు నువ్వు. నీకు భయం లేదా?"

"ఉన్నది."

అందరూ నవ్వారు. మా నాన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయన మాత్రం నవ్వలేదు. గ్లాసులో మిగిలిన కాఫీ నిలబడే తాగి, మా ఆయన వైపు చూసి, "పిల్లగాడు ఒప్పుకుంటే నాకేం లేదు" అన్నాడు. పెళ్ళయింది. అత్తయ్య నాతో మామూలుగానే ఉండేది, ఒక్కటి తప్ప. మామయ్య దగ్గినా తుమ్మినా ముందు నావైపు చూసేది.

ఆయన దగ్గకుండా ఉండే ప్రయత్నం మొదలుపెట్టాడు.

మొదట బీడీలు మానేశాడు. ఎవరు చెప్పినా మానని మనిషి నా పెళ్ళి పారాణి ఆరకముందే కట్టను పొయ్యిలో పడేశాడు. ఎండాకాలంలో కూడా చెవులకు మఫ్లర్ చుట్టుకునేవాడు. వంతెన వస్తే సైకిలు దిగి నడిపించుకుంటూ పోయేవాడు. మృగశిర కార్తె పట్టిన నాడు ఊరంతా చేపలు తింటుంది. ఆయనకు చేప అంటే ప్రాణం. ఆ రోజు పులుసు మాత్రం పోయించుకుని ముక్క వద్దన్నాడు.

"ఏంది, మొక్కుకున్నవా?" అంది అత్తయ్య.

"ముల్లు గొంతుల ఇరుక్కుంటే?"

"ఇన్నేండ్లల్ల ఒక్కపారి ఇరుక్కోలే. ముసలోనికి సావు భయం పట్టుకున్నది." ఆ మాట అని ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను.

వాన కాలంలో ఒకసారి దారిలో వాగు పొంగింది. ఆయనతో ఉన్న చైన్‌మన్లు మెడలోతు నీళ్ళలో దాటి ఇళ్ళకు చేరారు. వాళ్ళకు ఈత నేర్పింది ఆయనే. ఆయన మాత్రం అవతలి ఒడ్డున టీకొట్టులో ఉండిపోయి, వాగు తీశాక మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. చైన్‌మన్లు ఆ సంగతి చెప్పి ఎగతాళి చేశారు. కాళ్ళకు నీళ్ళిస్తూ అడిగాను.

"ఈత వచ్చుగా మామయ్యా, ఎందుకు ఆగారు?"

"ఈత వస్తది. వాగుకు తెల్వదు గదా నాకు ఈత వస్తదని." కాళ్ళు కడుక్కున్నాడు. చెంబు నాకు తిరిగిస్తూ మెల్లగా అన్నాడు. "కొట్టుకపోతే పోయేది నేనే. మాట నీ మీదికొస్తది బిడ్డా."

అప్పుడు అర్థమైంది బీడీల సంగతీ, చేపముక్క సంగతీ.

"మీకు ఇవన్నీ నమ్మకమా?" అన్నాను.

"నమ్మకం లేదు. భయమున్నది. రెండూ ఒకటి కాదు." కొంచెం ఆలోచించి, "నమ్మకముంటే శాంతి చేయించుకుని పండుకుందును" అన్నాడు.

అందుకే ఆయనకు పడక కుదరలేదు. ఆ భయానికి ఆయన వెతుక్కున్న మందు విచిత్రమైనది. చంద్రుడు ఆకాశమంతా చుట్టి రావడానికి ఇరవై ఏడు రోజులూ ఇంకొంత పడుతుంది. రాత్రికో ఇంట్లో బస చేస్తాడనుకుని మనవాళ్ళు ఇరవై ఏడు ఇళ్ళు పెట్టారు. అవే నక్షత్రాలు. అరబ్బులూ చీనావాళ్ళూ కూడా ఇలాగే ఇళ్ళు కట్టారని, వాళ్ళ లెక్కలో ఇరవై ఎనిమిదని ఆయన ఎక్కడో చదివాడు. ఆకాశం ఒకటే అయినప్పుడు, నా ఇంటికి, అంటే మూలకు, వాళ్ళు ఏం పేరు పెట్టారో చూడాలనుకున్నాడు. పైకి మాత్రం, "ఎవరి హద్దు ఎవరు జరిపిండ్రో చూస్త" అనేవాడు. ఒక్క దేశంలోనైనా మూల మంచిదని ఉంటే చాలునన్నది ఆయన అసలు ఆశ.

ఇల్లెందులో ఆయనకు ఒక మౌల్వీ సాబ్ స్నేహితుడు. ఆయన దగ్గర పాత జంత్రీ ఉంది, ఉర్దూ పంచాంగం. దాని వెనక అరబ్బుల ఇళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. మామయ్య వాటిని నోటికి నేర్చుకుని వచ్చాడు. వాకిట్లో చేట పెట్టించి చింతగింజలు పరిచాడు. పై వరస మనది, కింది వరస అరబ్బులది. ఒక్కో గింజ మీద వేలు పెట్టి చదివేవాడు. "అశ్విని, శరతాన్. భరణి, బుతైన్. కృత్తిక, సురయ్యా."

"కృత్తిక అంటే పిల్లలకోడే గదా" అంది అత్తయ్య బియ్యం చెరుగుతూ. "కోడికి గిన్ని పేర్లెందుకు?"

"ఒక్కో దేశంల ఒక్కో తీరు కూస్తది."

అరబ్బుల వరసలో ఒక గింజ ఎక్కువైంది. మన వరసలో అక్కడ ఖాళీ పెట్టి ఆయన ఒక గురివింద గింజ ఉంచాడు. అది అభిజిత్తు. ఒకప్పుడు మనకూ ఇరవై ఎనిమిది ఉండేవనీ, అభిజిత్తును లెక్కలోంచి తీసేశారనీ చెప్పాడు. తీసేసిన దాని మీదే ఆయనకు మమకారం. ఎవరూ తాకకుండా ఆ గురివిందను చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడు.

మూల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. అరబ్బుల వరసలో అక్కడున్నది శౌలా. అంటే పైకెత్తిన తేలు తోక. ఆకాశంలో చూస్తే నిజంగానే తేలు కొండిలా ఉంటుంది. మన వరసలో ఎన్నోదో వాళ్ళ వరసలోనూ అన్నోదే.

"రెండు రికార్డులు కలిసినయ్" అన్నాడు. "ఇంక అప్పీలు లేదు."

"మౌల్వీ సాబ్ ఏమన్నాడు?" అని అడిగాను.

"ఆయనదేముంది, నవ్విండు. 'భయపడేటోళ్ళు అన్ని దేశాలల్ల ఉంటరు సర్వేయర్ సాబ్, చుక్కలదేం కసూరు, ఏం తప్పు' అన్నడు."

ఆ మాట మీద నిద్రపోయే మనిషి కాదు ఆయన. చీనా వరస ఎక్కడ దొరుకుతుందని నన్ను వేధించడం మొదలుపెట్టాడు. నేను అప్పటికి పక్క ఊరి బడిలో టీచరుగా చేరాను. ఖమ్మం లైబ్రరీ నుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చాను. అందులో చివర ఒక పట్టిక ఉంది. ఒక్కో ఇంటి పేరు, దానికి అర్థం. పేర్లు నాకు నోరు తిరగలేదు, అర్థాలు మాత్రం చెప్పాను. చేటలో మూడో వరస పడింది. అశ్విని కింద మొదటిది, భరణి కింద రెండోది. అలా వరసగా పెట్టుకుంటూ పోతే మూల కింద వచ్చింది వల. జంతువుల్ని పట్టే వల.

మామయ్య లేచి నిలబడ్డాడు. ఆ సందులో కోడి ఒకటి చేటలోకి ఎక్కి, రెండు కాళ్ళతో మూడు దేశాలనూ గీకి పారేసింది. మామూలుగా అయితే దాని వెంటపడేవాడు. ఆ రోజు కోడిని చూడనే లేదు.

"మనకు గండం. అరబ్బులకు కొండి. చీనావాళ్ళకు వల" అంటూ వాకిట్లో తిరిగాడు. అత్తయ్య అంతా వింది. నావైపు చూసింది.

ఆ వాన కాలమంతా ఇల్లు ఇల్లులా లేదు. మంచం రోజూ దూరం పోయేది. మబ్బు పట్టి ఒక్క చుక్కా కనబడని రాత్రులు కూడా పోయేది. దానికి తోడు ఆ ఏడు అడవి జ్వరాలు ఎక్కువ. పొలం కొలవడానికి పోయిన చోట ఆయనకు మలేరియా తగిలింది. చలి, వణుకు, తర్వాత మనిషిని గుర్తుపట్టని జ్వరం. జీపు మాట్లాడుకుని కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయాం. వరండాలో కూర్చున్నాక అత్తయ్య నోరు తెరిచింది.

"వాగు దాటకపోతే ఏమాయె. దోమ దాటె."

నేను తల దించుకున్నాను.

"నిన్ను అంటలే" అంది. సంచిని నావైపు జరిపి, "వల అని నువ్వే సదివితివి" అంది.

అంతకంటే తిట్టినా బాగుండేది. సంచిలో ఆ లైబ్రరీ పుస్తకం ఉంది. గడువు దగ్గరపడిందని, కొత్తగూడెం నుంచి ఎవరైనా ఖమ్మం పోతే పంపిద్దామని వేసుకొచ్చాను. చేతులు ఊరికే ఉండలేక తీశాను. పట్టిక చూడబుద్ధి కాలేదు, మొదటి నుంచి చదవసాగాను. పట్టిక కంటే చాలా ముందు ఒక మాట ఉంది. చీనావాళ్ళ వరస మనలా అశ్వినితో మొదలవదు. వాళ్ళ మొదటి ఇల్లు మన చిత్త. చిత్త నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టాను. మూల కింద వల రాలేదు. తోక వచ్చింది. వాళ్ళదొక పెద్ద నాగరాజులాంటి జంతువు, దాని తోక. ఆ ఇంటి గురించి రెండు వాక్యాలున్నాయి. అది రాణివాసం. అందులోని తొమ్మిది చుక్కలు తొమ్మిది మంది పిల్లలు.

లోపలికి పరుగెత్తాను. జ్వరం కొంచెం దిగి ఆయన కళ్ళు తెరిచి ఉన్నాడు.

"మామయ్యా, వల కాదు. వాళ్ళది అశ్వినితో మొదలు కాదు, చిత్తతో. మనం తప్పు పరిచాం."

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"సర్వేయర్నై ఉండి మొదటి రాయి చూసుకోలే!"

"రాణివాసమట మామయ్యా. తొమ్మిది మంది పిల్లలట."

"తొమ్మిదా?" అని అత్తయ్య వైపు తిరిగాడు. "ఇంటివా? కోడలికి తొమ్మిది మందట. బియ్యం ఎక్కువ పొయ్యి."

"ముందు నువ్వు లేసి గంజి తాగు" అంది అత్తయ్య. కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున వార్డులో పెద్ద రభస. ఆయన లేచి ఇనప మంచాన్ని కిటికీ వైపు ఈడ్చాడు. ఆ కీచుకు వార్డంతా ఉలిక్కిపడింది. "పెద్దమనిషీ, ఇది మీ ఇల్లనుకున్నరా?" అని నర్సు అరిచింది. "చెప్పమ్మా, నువ్వన్న జర చెప్పు" అని అత్తయ్య ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఆవిడ ముఖంలో ఎంత సంతోషమో.

జ్వరం తగ్గితే వస్తామని అత్తయ్య భద్రాచలం మొక్కుకుంది. శ్రీరామనవమికి పోయాం. కల్యాణం పందిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. అందరూ కూర్చుంటే ఈయన నిలబడి, వెనకవాళ్ళ చేత తిట్లు తిని, చివరికి ఒక గుంజ పక్కన చేరాడు. నడినెత్తిన ఎండ. దేవుడి నెత్తిన జీలకర్ర బెల్లం పెట్టే వేళ మైకులో చెప్పారు, అభిజిత్ లగ్నమని. ఆయన జేబులో చెయ్యి పెట్టి గురివింద గింజ తీశాడు.

"చూసినవా" అన్నాడు నాతో. "లెక్కల్నుంచి తీసేసిండ్రు. పెండ్లికి మాత్రం దాన్నే పిలిచిండ్రు."

"దండం పెట్టుకోరాదు, గింజలు చూసుకుంట నిలబడకపోతే" అంది అత్తయ్య.

కాని ఆవిడ ఆ మాట విన్నది. తలంబ్రాలు పంచినప్పుడు జనాన్ని తోసుకుపోయి దోసెడు తెచ్చి కొంగున కట్టుకుంది. బస్సులో గోదావరి వంతెన దాటుతుండగా ముడి విప్పి సగం నా కొంగులో పోసింది. ఆ తర్వాత ఆయన దగ్గినా తుమ్మినా ఆవిడ నావైపు చూడటం మానేసింది. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. చూడటం లేదన్నదే చాలా రోజులకు తెలిసింది.

మాకు పాప పుట్టింది, తర్వాత ఎవరూ పుట్టలేదు. "చీనా లెక్కల ఇంకా ఎనిమిది మంది రావాలె. బస్సు దొరుకుతలేదేమో" అని ఆయన హాస్యమాడేవాడు. రిటైరయ్యాక కళ్ళకు పొర వచ్చింది. ఆపరేషన్ చేయించుకోమంటే ఆ బల్ల మీద పోతే నాకు మాటొస్తుందని వద్దన్నాడు. నేనూ అత్తయ్యా ఎంత పోరినా వినలేదు. చుక్కల కోసం బతికిన మనిషి నాకు మాట రాకూడదని చుక్కల్ని వదులుకున్నాడు. మంచం జరపడం మాత్రం వదల్లేదు.

మాఘమాసంలో తెల్లవారుజామున, నేను పాలు పితకడానికి లేచే వేళకు, దక్షిణాన తేలు పూర్తిగా పైకి వచ్చి ఉంటుంది. మా ఇంటికి దక్షిణాన కొట్టం కప్పు అడ్డం. గేటు అవతలికి పోతేగాని తోక కనబడదు. బజార్లో మంచం మీద కూర్చుని నన్ను పిలిచేవాడు.

"తోక లేసిందా బిడ్డా?"

"లేచింది మామయ్యా."

"లెక్కపెట్టు. తొమ్మిది ఉండాలె."

నాకు ఆరో ఏడో వచ్చేవి. దూడ అరిచేది, లేదా తెల్లారిపోయేది. "రేపు చూద్దాం మామయ్యా, పాలు పితకాలి" అని వచ్చేసేదాన్ని. ఆయన చూపు ఆనని ఆకాశం వైపు మెడ ఎత్తి కూర్చునే ఉండేవాడు. నేను ఒక్కసారీ తొమ్మిది పూర్తి చేయలేదు.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం పీట అడిగాడు. గోడకు ఆనుకుని, కూర్చుని అన్నం తిన్నాడు. అత్తయ్య కూరగిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

"ఏంది, కూసున్నవ్?" అంది.

"కాళ్ళు గుంజుతున్నయ్ జర."

తిని, చాప మీద ఒరిగాడు. మళ్ళీ లేవలేదు.

దినాల్లో ఒక సాయంత్రం పలకరించడానికి ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. గేటు దగ్గర మాట్లాడిన ఇద్దరూ ఉన్నారు. వాళ్ళలో పెద్దామె అత్తయ్య చెయ్యి పట్టుకుని కళ్ళొత్తుకుంది.

"అప్పుడే చెప్పిన గద వదినె. మూల ఊకెనే పోతదా? మామను మింగిందాకా ఊకోదు."

నేను వంటింటి గడపలో ఉన్నాను. అందరూ అత్తయ్య వైపు చూశారు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అవ్, మింగింది" అంది. "బీడీలు మింగింది. దగ్గు మింగింది. ముసలోడు డెబ్బై దాటి, మనుమరాలితోని అచ్చన గిల్లలు ఆడి, కూసొని అన్నం తిని పోయిండు. గింత మెల్లగ మింగే కోడలు నీకు దొరికిందా? నీ ఇంటాయన యాభై కాకముందే పోయె. నీ కోడలిది ఏ నక్షత్రం?"

పెద్దామె కొంగు సర్దుకుంది. "చాయ్ పెట్టు బిడ్డా, చుట్టాలు పోతరట" అంది అత్తయ్య నాతో. ఆవిడ నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. ఆ పిలుపు అంతకుముందు మామయ్యది.

మర్నాడు పాలు పితకడానికి లేచి తలుపు తీశాను. ఇంకా చీకటి విడలేదు. వేపచెట్టు పక్కన మంచం లేదు. మట్టిలో గీతలు వంకరటింకరగా గేటు దాకా పోయాయి, మధ్యలో రెండు మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నట్టు. గేటు బయట, బజార్లో, మంచం మీద అత్తయ్య కూర్చుని ఉంది. తల మీద మామయ్య మఫ్లర్.

"మెడ పట్టింది" అంది నన్ను చూసి. "ఏండ్లకు ఏండ్లు గిదేనా చూసిండు మీ మామ? ఎటుంటది అది?"

పక్కన కూర్చుని చెయ్యి చాపి చూపించాను. కొట్టం కప్పుకు పైన, ఎర్రచుక్క. దాని నుంచి కిందికి, ఎడమకు, వంపు తిరిగి మళ్ళీ పైకి లేచే తోక.

"ఆ ఆ, ఆనింది" అంది. "కొండి లెక్కనే ఉన్నది."

"తొమ్మిది ఉంటాయట అత్తయ్యా."

"నువ్వు చెప్పు, నేను లెక్క పడుత." ఆవిడ చేతివేళ్ళు తెరిచింది. నేను ఒక్కో చుక్క చూపిస్తుంటే ఒక్కో వేలు ముడుస్తూ వచ్చింది. దూడ అరిచింది. "అర్వనీ" అంది అత్తయ్య. తూర్పున వెలుగు రేగుతోంది. తోక చివరి రెండు చుక్కలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. వాటికి ముందు ఇంకొకటి ఉండాలి. అక్కడ చూశాను, పక్కన చూశాను.

"ఎనిమిది" అంది అత్తయ్య, తొమ్మిదో వేలు తెరిచి పట్టుకుని. "ఇంకోటేది? జల్దీ చెప్పు, పోతున్నయ్."

వెతుకుతుండగానే తెల్లారింది.